లేదు వేరు, తెల్వదు వేరు: ఇంట్ పక్కన ప్రశ్న గుర్తు ఎందుకు?

 

బాసరలో, నాచుపల్లిలో, కరీంనగర్‌లో కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలు ఈ మధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నరు. సీ షార్ప్‌లో ఇంట్ అని రాసి దాని పక్కన ప్రశ్న గుర్తు ఎందుకు పెడతరు అని. పుస్తకంలో దీనికి "నలబుల్ వాల్యూ టైప్స్" అని ఒక చిన్న పేరా ఉంటది. రెండు మార్కుల ప్రశ్న, నాలుగు లైన్లు రాస్తే అయిపోతది అని చాలామంది దాటేస్తరు. మాకు మాత్రం అది రెండు మార్కుల విషయం లెక్క కనిపించలేదు. ఆ ప్రశ్న గుర్తు మన గూడేల్లో ఉన్నోళ్ల పేర్ల పక్కన ఏం రాస్తరు, ఏం రాయరు అనే దానికి సంబంధించింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నం. చాయ్ పెట్టుకొని కూర్చోండి.

ముందు మేం చూసిన ఒక కాగితం సంగతి. పింఛన్ల లెక్క కోసం ఒక ఆఫీసు తీసిన ప్రింటు అది. ఏ ఆఫీసో ఇక్కడ అవసరం లేదు. ఒక అవ్వ పేరు ఎదురుగా పుట్టిన తేదీ 01-01-0001 అని ఉంది. పక్క గడిలో వయసు రెండు వేల ఏండ్లు దాటింది. అందరం నవ్వినం. అవ్వకు చెప్తే ఆమె కూడా నవ్వింది. "గన్నేండ్లు బతికిన్నా బిడ్డా, మరి ఒక్క పింఛను కూడా రాకపాయె" అన్నది. కాగితం కింది దాకా చదివితే తెలిసింది, వయసు 120 దాటిన పేర్లన్నీ "తప్పు వివరాలు" అని విడిగా తీసి పెట్టినరు. ఆ విడి జాబితాలో ఉన్నోళ్లందరూ పుట్టిన తేదీ చెప్పలేని ముసలోళ్లే. అంటే పింఛను ఎవరికి ముందు అందాల్నో వాళ్లే జాబితా బయట పడ్డరు. నవ్వు అక్కడ ఆగింది.

ఆ 0001 ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ టైపు చేయలేదు. కావాలని అవ్వను రెండు వేల ఏండ్ల మనిషిని చేసినోడు ఎవడూ లేడు. సీ షార్ప్‌లో డేట్‌టైమ్ అనే రకంలో ఏమీ రాయకుండా వదిలేస్తే దానంతట అదే 0001వ సంవత్సరం జనవరి 1 అయి కూర్చుంటది. ఇంట్ అయితే సున్నా. బూల్ అయితే ఫాల్స్, అంటే "కాదు". రాయనిది ఖాళీగా ఉండదు, ఏదో ఒక జవాబు అయితది. అసలు చిక్కు ఇదే.

ఎందుకట్ల అయితదో తెలియాలంటే వాల్యూ టైప్ అంటే ఏందో కొంచెం చూడాలె. సీ షార్ప్‌లో రకాలు రెండు. కొన్ని విలువను తమ లోపలే పెట్టుకుంటయి: ఇంట్, బూల్, డెసిమల్, డేట్‌టైమ్, ఈనమ్, మనం రాసుకునే స్ట్రక్ట్‌లు. ఇవి వాల్యూ టైపులు. ఇంకొన్ని విలువ ఎక్కడుందో ఆ చోటును మాత్రమే పట్టుకుంటయి: స్ట్రింగ్, మనం రాసే క్లాసులు. ఇవి రిఫరెన్స్ టైపులు. జొన్నలు మానికెలో పోసి చేతికిస్తే వాల్యూ టైప్. "జొన్నలు ఫలానా ఇంట్ల ఉన్నయి" అని చీటీ రాసిస్తే రిఫరెన్స్ టైప్. చీటీని ఖాళీగా ఇయ్యొచ్చు. ఖాళీ చీటీ చూడంగనే ఏ ఇల్లూ చెప్పలేదని తెలుస్తది. ఆ ఖాళీ చీటీనే నల్. కానీ మానికెను ఖాళీగా ఇస్తే? జొన్నలు లేవు అని అర్థం. "జొన్నలు ఎన్నో నాకు తెల్వదు" అని మానికె చెప్పలేదు.

ఇంట్‌కు 32 బిట్లు. ఒక్కో బిట్టు సున్నానో ఒకటో. అట్లా మొత్తం 429,49,67,296 అమరికలు వస్తయి. ఆ 429 కోట్ల పైచిలుకు అమరికల్లో ప్రతి ఒక్కటీ ఏదో ఒక అంకెకు ముందే ఇచ్చేసినరు. సగం మైనస్ వైపు, సగం సున్నా నుంచి పైకి. "తెల్వదు" అనే మాటకు ఒక్క అమరిక కూడా మిగలలేదు. ఇంత పెద్ద అడవిలో దానికి గుడిసె వేసుకునేంత జాగా కూడా లేదన్న మాట. బూల్ సంగతి ఇంకా ఇరుకు. ట్రూ, ఫాల్స్ రెండే.

సీ షార్ప్ మొదటి వెర్షన్ 2002లో వచ్చినప్పుడు పరిస్థితి ఇదే. అప్పటి ప్రోగ్రామర్లు ఏం చేసేటోళ్లంటే, తెలియని వయసుకు -1 రాసేటోళ్లు, తెలియని ఫోన్ నంబరుకు తొమ్మిదులు వరుసగా కొట్టేటోళ్లు, తెలియని తేదీకి 1900 జనవరి 1 రాసేటోళ్లు. రాసినోడికి ఆ గుర్తు తెలుసు. వాడు ఉద్యోగం మారినంక వచ్చినోడికి తెల్వదు. వాడు -1ని కూడా కలిపి సగటు తీస్తడు. ఇప్పటికీ కంప్యూటర్ కాగితాల్లో ఇట్లాంటి దొంగ పుట్టినరోజులు కనబడుతుంటయి. ఎక్సెల్‌లో సున్నాను తేదీ లెక్క చూపించమంటే 00-01-1900 అంటది, జనవరి సున్నా తారీకు! యునిక్స్ లెక్కతో నడిచే సిస్టంలో సున్నా అంటే 1970 జనవరి 1, మన దేశం టైముకు పొద్దున 5:30. ఎక్కడన్నా ఆ 5:30 కనిపిస్తే ఆ మనిషి పుట్టిన గడియ అనుకోకండి, ఎవరో గడి నింపలేదని అర్థం.

2005 నవంబరులో డాట్ నెట్ 2.0తో పాటు సీ షార్ప్ 2.0 వచ్చింది. అందులోనే నలబుల్ వచ్చింది. చేసింది చాలా సాదా పని. మానికెకు ఒక చిన్న చీటీ కట్టినరు. చీటీ మీద ఒకటే మాట: లోపల విలువ ఉందా, లేదా. దాని పేరు హ్యాజ్‌వాల్యూ. అది ట్రూ అయితే వాల్యూ అని అడిగి లోపలిది తీసుకోవచ్చు. ఫాల్స్ అయితే లోపల ఏముందో అడగొద్దు. "ఇంట్?" అని రాయడం "నలబుల్ ఆఫ్ ఇంట్" అనే పొడుగు పేరుకు పొట్టి రూపం, అంతే. ఈ నలబుల్ కూడా స్ట్రక్టే, అంటే ఇది కూడా వాల్యూ టైపే. దానికి నల్ అని రాస్తే లోపల ఏదో చిరునామా ఖాళీ అయిందని కాదు, చీటీ మీద "లేదు" అని పడిందని. ఇంటర్వ్యూలో ఇది అడుగుతరు, గుర్తుపెట్టుకోండి. ఇంట్‌కు 4 బైట్లు చాలు, ఇంట్?కు మామూలుగా 8 పడతయి, ఆ చీటీ కోసం.

మాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది వేరే. ఎవరూ ఏమీ రాయకపోతే ఇంట్ సున్నా అయితది. ఇంట్? మాత్రం నల్‌గానే ఉంటది. డేట్‌టైమ్ అవ్వను రెండు వేల ఏండ్ల మనిషిని చేస్తది. డేట్‌టైమ్? అయితే "ఈమె తేదీ నాకు ఎవరూ చెప్పలేదు" అని ఊరుకుంటది. విలువ లేకున్నా వాల్యూ అడిగితే ప్రోగ్రాం అక్కడికక్కడే ఎక్సెప్షన్ ఇచ్చి ఆగిపోతది. కొత్తగా నేర్చుకునేటోళ్లకు అది చూసి భయమైతది. మేమైతే అట్లా ఆగి అరిచే ప్రోగ్రామే మంచిదంటం. నోరు మూసుకొని 0001 ప్రింటు చేసే దానికంటే.

నల్ అనే మాటకు చెడ్డపేరు కూడా ఉంది. 1965లో ఆల్గోల్ డబ్ల్యూ అనే భాష కోసం నల్ రిఫరెన్స్‌ను తెచ్చింది టోనీ హోర్ అనే పెద్ద శాస్త్రవేత్త. 2009లో లండన్‌లో ఒక సదస్సులో ఆయనే దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పు అని చెప్పుకున్నడు. దాంతో నల్ అంటేనే పాపం అన్నట్టు మాట్లాడేటోళ్లు తయారైనరు. ఆ మాటతో మేం పూర్తిగా ఒప్పుకోం. తెల్వనిది తెల్వదు అనడంలో తప్పేముంది? ఏ చీటీ ఖాళీగా ఉండొచ్చో, ఏది ఉండకూడదో ముందుగా చెప్పకపోవడమే అక్కడి చిక్కు. ఏ రిఫరెన్స్ అయినా ఎప్పుడైనా ఖాళీ కావచ్చు, చూసినంక గానీ తెల్వదు. ఇంట్? అట్ల కాదు. పేరులోనే ప్రశ్న గుర్తు ఉంది, ఖాళీ ఉండొచ్చని ముందే చెప్పేసింది. ఇంట్?ను ఊరికే ఇంట్‌లో వేయబోతే కంపైలర్ ఒప్పుకోదు, ముందు చూసుకో అంటది. 2019లో సీ షార్ప్ 8 వచ్చినప్పుడు స్ట్రింగ్ లాంటి రిఫరెన్స్ టైపులకు కూడా ఇదే ప్రశ్న గుర్తు పద్ధతి తెచ్చినరు. కాకపోతే అక్కడ అది హెచ్చరికే, లోపల చీటీ గీటీ ఏం కట్టరు. జావా చదివేటోళ్లకు ఒక మాట: మీ చిన్న ఇంట్‌కు నల్ పెట్టలేరు, పెద్ద ఇంటీజర్‌కు పెట్టొచ్చు. ఆ నల్ ఇంటీజర్‌ను చిన్న ఇంట్‌లో వేస్తే కంపైలర్ ఏమీ అనదు, నడిచేటప్పుడు కూలుతది. కాట్లిన్‌లో, స్విఫ్ట్‌లో మళ్లీ ప్రశ్న గుర్తే.

ఇక మా రిజిస్టర్ సంగతికి వస్తం. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

సికిల్ సెల్ గురించి ఈ గ్రూపులో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గోండు, కొలాం ఇండ్లల్లో ఒళ్లు నొప్పులతో రాత్రంతా ఏడ్చే పిల్లల్ని చూడనోళ్లు తక్కువ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏండ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లెక్క. అందులో మన తెలంగాణ కూడా ఉంది. పరీక్షలు చేసేది ఆరోగ్య శాఖ వాళ్లు. మా ఐదుగురు చేసింది చిన్న పని: మా చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి పరీక్ష అయింది, ఎవరికి కాలేదు, ఎవరిని మళ్లీ తీసుకుపోవాలె అని రాసుకోడానికి ఒక రిజిస్టర్ ప్రోగ్రాం. మాలో ఒకడు హైదరాబాద్‌లో సీ షార్ప్ మీదే ఉద్యోగం చేస్తడు కాబట్టి సీ షార్ప్‌లోనే రాసినం.

మొదటి రోజే ఏఎన్ఎం అక్క అడిగింది. "తమ్మీ, పరీక్ష కానోళ్ల ముంగట ఏం రాయాలె? లేదు అని రాయాల్నా?"

"లేదని రాయకు అక్కా. ఖాళీ పెట్టు."

"ఖాళీ పెడితే నింపలేదని నన్ను తిడతరు గద?"

ఆ అక్క అడిగిన దాంట్లోనే మొత్తం పాఠం ఉంది. "సికిల్ ఉందా?" అనే గడి బూల్ అయితే, పరీక్ష కానోళ్లందరూ తెల్లారేసరికి "లేదు" అయిపోతరు. క్యాంపుకు రానోళ్లు, ఆ రోజు కూలికి పోయినోళ్లు, వాగు దాటలేకపోయినోళ్లు, అందరూ ఆరోగ్యవంతులే. ఎంత తక్కువ మందికి పరీక్ష చేస్తే ఊరు అంత ఆరోగ్యంగా కనిపిస్తది! ఎవరూ అబద్ధం ఆడకుండానే కాగితం అబద్ధం ఆడతది. బూల్? అయితే మూడు మాటలు: ఉంది, లేదు, తెల్వదు.

నిజానికి బూల్? కూడా సరిపోదు. సికిల్‌లో ఫలితాలు మూడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులు వస్తయి. రెండూ బాగుంటే ఏమీ లేదు. ఒకటి సికిల్‌ది అయితే వాహకుడు, మామూలుగా ఆరోగ్యంగానే ఉంటడు. రెండూ సికిల్‌వి అయితే జబ్బు. ఇట్లాంటి చోట ఈనమ్ రాసుకుంటం: నార్మల్, వాహకుడు, జబ్బు. ఈనమ్ కూడా వాల్యూ టైపే, దానికీ ఏమీ రాయకపోతే సున్నా. మనం వేరే నంబర్లు ఇయ్యకపోతే సున్నా అంటే జాబితాలో మొదటి పేరు. ఇక్కడ నార్మల్. మళ్లీ అదే కథ, పరీక్ష కానోళ్లంతా నార్మల్. (ఇదే పద్ధతిలో తెగ గడిని ఎస్టీ జాబితా వరుసలో రాసి, ఎవరూ నింపకుండా వదిలేస్తే ఏమైతదో ఊహించండి. ఆ జాబితాలో మొదటి పేరు ఆంధ్. తోటి, కొలాం, పర్ధాన్, అందరూ ఒక్క రాత్రిలో ఆంధ్‌లు అయితరు. ఆంధ్ అన్నలు సంతోషపడొచ్చు, వాళ్ల సంఖ్య పెరిగిందని.) కొందరు ఈనమ్‌లో మొదటి పేరుగా "తెల్వదు" అని పెట్టుకుంటరు. అదీ మంచి పద్ధతే. మేం మాత్రం ప్రశ్న గుర్తే పెట్టినం. ప్రశ్న గుర్తు ఉంటే చూసుకోకుండా మామూలు రకంలో వేయబోతే కంపైలర్ గుర్తు చేస్తది, మనుషులం మరిచిపోతం గనుక.

బూల్? గొప్పతనం మాకు ఇంకో చోట తెలిసింది. తల్లిదండ్రులు ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం అవకాశం. ఇద్దరిలో ఒకరికి సికిల్ జన్యువే లేదని తేలితే బిడ్డ వాహకుడు కావచ్చు గానీ రెండు సికిల్ జన్యువులు రావు. అంటే పెండ్లి చేసుకోబోయే జంటకు మనం అడిగే ప్రశ్న "ఇద్దరిలోనూ సికిల్ జన్యువు ఉందా?" అని. కోడ్‌లో అయితే పిల్లగానిది ఒక బూల్?, పిల్లది ఒక బూల్?, మధ్యలో & గుర్తు. పిల్లగానిది ఫాల్స్, పిల్లది నల్ అనుకోండి. జవాబు ఫాల్స్. ఆమెది తెలియకపోయినా ఇద్దరిలోనూ ఉండే అవకాశం లేదన్నది ఖాయమే కదా. పిల్లగానిది ట్రూ, పిల్లది నల్ అయితే జవాబు నల్. అంటే ఇంకా చెప్పలేం, పోయి పరీక్ష చేయించుకోండి అని. మన ఊళ్లో తెలివైన పెద్దమనిషి ఎట్లా ఆలోచిస్తడో ఆ & గుర్తు అట్లనే ఆలోచిస్తది. ఎప్పుడూ రాసే రెండు గుర్తుల && మాత్రం బూల్? మీద పనిచేయదు, ఒక్కటే & రాయాలె.

ప్రశ్న గుర్తు పెట్టంగనే అన్నీ సరైపోతయి అని మాత్రం అనుకోవద్దు. పోలికల దగ్గర ఒక గుంత ఉంది. గర్భిణులకు రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటరు. "11 కంటే తక్కువైతే ఈ జాబితాలో వేయి, లేకపోతే బాగున్నోళ్ల జాబితాలో వేయి" అని రాసినమనుకోండి. పరీక్ష కాని ఆమెది నల్. నల్ 11 కంటే తక్కువా అని అడిగితే సీ షార్ప్ ఫాల్స్ అంటది. అంటే ఆమె "లేకపోతే" వైపు పోయి బాగున్నోళ్లల్లో కలుస్తది. తిప్పి 11 కంటే ఎక్కువా అని అడిగినా ఫాల్సే. 11కు సమానమా అంటే అదీ ఫాల్సే. కాబట్టి ముందు హ్యాజ్‌వాల్యూ అడగాలె, తర్వాతనే అంకె అడగాలె. మూడు దారులు ఉండాలె, రెండు కాదు.

డేటాబేస్ దగ్గర ఇది ఇంకో తీరు. సీ షార్ప్‌లో నల్, నల్ సమానమా అంటే అవును అంటది. ఎస్‌క్యూఎల్‌లో అడిగితే అవును అనదు, కాదు అనదు, తెల్వదు అంటది. అందుకే అక్కడ "సమానం నల్" అని రాస్తే ఒక్క పేరు కూడా రాదు. "ఈజ్ నల్" అని రాయాలె. ఇద్దరు ముసలోళ్ల పుట్టిన తేదీ తెలియదు కాబట్టి ఇద్దరూ ఒకే రోజు పుట్టినరా? ఆలోచిస్తే ఎస్‌క్యూఎల్‌దే న్యాయంగా అనిపిస్తది మాకు.

సగటు సంగతి చిన్న లెక్కతో చూడండి. ఐదుగురు ఆడోళ్లు. ముగ్గురికి 9, 10, 11 వచ్చింది. ఇద్దరికి పరీక్ష కాలేదు. నల్ పెడితే సీ షార్ప్ అయినా ఎస్‌క్యూఎల్ అయినా ఉన్న ముగ్గురినే తీసుకొని సగటు 10 అంటది. కానోళ్లకు సున్నా పెడితే 30ని 5తో భాగించి 6 అంటది. 6 అంటే దవాఖానకు ఉరకాలె. మరి 10 నిజమా? అది ముగ్గురి సగటు, ఊరి సగటు కాదు. అందుకే మా కాగితం మీద సగటు పక్కన "ఎంతమందిలో" అన్నది కూడా అచ్చవుతది. అది లేకుండా సగటు ప్రింటు తీయడానికి మేం ఒప్పుకోలేదు.

ఈ ఒప్పుకోకపోవడం మీద మాలో మాకే పెద్ద లొల్లి అయింది. సీ షార్ప్‌లో రెండు ప్రశ్న గుర్తులు పక్కపక్కన పెట్టి ఒక గుర్తు ఉంది: ?? అని. ఎడమ పక్కది నల్ అయితే కుడి పక్కది తీసుకో అని అర్థం. గెట్‌వాల్యూఆర్‌డిఫాల్ట్ అనేది కూడా ఇట్లాంటిదే, ఏమీ లేకపోతే సున్నా ఇస్తది. మాలో ఒకడు, అంటే ఉద్యోగం చేసేటోడే, "?? 0 పెట్టేస్తే గొడవ పోతది, ఖాళీ గడి ఉన్న కాగితాన్ని పైనోళ్లు వాపస్ కొడతరు, లోకం ఎట్లా నడుస్తదో మీకు తెల్వదు" అన్నడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. ఖాళీ గడిని చూసి కోపం రాని ఆఫీసు మేం చూడలేదు. ఇంకొకరు, "అట్లయితే మరి ప్రశ్న గుర్తు పెట్టుడెందుకు? ముందు పెట్టి చివరికి తుడుచుడెందుకు?" అన్నరు. రెండు రాత్రులు నడిచింది ఈ పంచాయితీ. చివరికి కుదిరిందేందంటే, లోపల ఎక్కడా ?? 0 ఉండకూడదు. కాగితం మీదికి వచ్చే ఆఖరి లైన్లో మాత్రం నల్ ఉన్న చోట "పరీక్ష కాలేదు" అని అక్షరాలు పడాలె. అప్పుడు గడి ఖాళీ ఉండదు, అబద్ధమూ ఉండదు. వాపస్ కొట్టడానికి పైనోళ్లకు సాకు దొరకదు. ఏఎన్ఎం అక్కకు తిట్లు పడవు. పైగా "పరీక్ష కాలేదు" అని పది పేర్ల మీద కనిపిస్తే పదిమందికి ఇంకో క్యాంపు పెట్టాలె గదా అని అడగడానికి మనకు కాగితం దొరికినట్టే.

ఫారాల్లో ఎర్ర చుక్క గురించి కూడా చెప్పాలె. తప్పనిసరిగా నింపాల్సిన గడి పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు పెడతరు చూడండి. వెనక డేటాబేస్‌లో ఆ గడికి "నాట్ నల్" అని రాసి ఉంటది. నింపే మనిషికి జవాబు తెల్వదు, ఫారం మాత్రం ముందుకు పోనీయదు. ఏం చేస్తడు? ఏదో ఒకటి కొడతడు. మన ముసలోళ్లల్లో అంతమంది జనవరి 1నే ఎందుకు పుట్టినట్టు కనిపిస్తరు అంటే ఇట్లనే. బడిలో సారు రాసిన జూన్ తారీకులు కూడా అదే బాపతు. ఆధార్ వాళ్లకు ఈ సంగతి తెలుసు. పుట్టిన తేదీని వాళ్లు మూడు రకాలుగా రాసుకుంటరు: కాగితం చూసి ఖాయం చేసింది, మనిషి చెప్పింది, అంచనా వేసింది. మంచి ఆలోచన. కానీ ఆ రకం ఏదో పక్కకు పోయి తేదీ ఒక్కటే ఇంకో ఆఫీసుకు చేరితే, అంచనా కూడా ఖాయం అయిపోతది.

మన ముసలోళ్లను అడిగితే ఊరికే తెల్వదు అనరు. "భీం సచ్చినప్పుడు నేను చంకల ఉన్న" అంటరు. అంటే 1940 అటూఇటూ. "ఇంద్రవెల్లి కాల్పులప్పుడు మా పెద్దోడు కడుపుల ఉన్నడు" అంటరు. అది 1981 ఏప్రిల్ 20, అంటే పెద్దోడు పుట్టింది ఆ ఏడో, మరుసటి ఏడు మొదట్లనో. (ఆ రోజు సచ్చినోళ్ల లెక్క గడిలో సర్కారు 13 అని రాసింది. మనోళ్లు ఆ అంకెను ఇప్పటికీ ఒప్పుకోరు. గడి నిండినంత మాత్రాన లెక్క తేలినట్టు కాదని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.) ఈ జవాబులు డేట్‌టైమ్?లో పట్టవు. దానికి తేదీ మొత్తం ఉండాలె, లేకపోతే మొత్తం నల్. సగం తెలిసినోళ్లకు అందులో జాగా లేదు. అందుకని మేం సంవత్సరం ఒక ఇంట్?, నెల ఒక ఇంట్?, రోజు ఒక ఇంట్? అని మూడు ముక్కలు చేసినం. పక్కన వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోడానికి ఒక గడి పెట్టినం. 1940, నల్, నల్, "భీం సచ్చినప్పుడు చంకల ఉన్న". ఆ నాలుగో గడి కంప్యూటర్‌కు పనికిరాకపోవచ్చు, ఆ గడి చదివినప్పుడల్లా మాకైతే ప్రాణం లేచి వస్తది.

ఇంకొకటి నల్ చేతకానిది ఉంది. ఎందుకు తెల్వదో అది చెప్పదు. పరీక్షకు రాలేదా, వచ్చి వద్దన్నరా, రక్తం తీసినా ఫలితం రాలేదా, అసలు ఈ ప్రశ్న ఆ మనిషికి వర్తించదా? మగోళ్ల వరుసలో "ఎన్నో నెల" అనే గడి కూడా నల్లే, పరీక్ష కాని గర్భిణి హిమోగ్లోబిన్ గడి కూడా నల్లే. రెండు నల్‌లు ఒకటేనా? డేటాబేస్‌లకు రిలేషనల్ పద్ధతిని 1970లో ఇచ్చిన కాడ్ ఈ తేడా చూసినడు. 1990లో రాసిన పుస్తకంలో ఉండాల్సింది తెలియకపోవడానికి ఒక గుర్తు, అసలు వర్తించకపోవడానికి ఇంకో గుర్తు వేరువేరుగా ఉండాలన్నడు. అది వాడుకలోకి రాలేదు. మనకు దొరికింది ఒక్క నల్. కాబట్టి కారణం కావాలంటే పక్కన ఇంకో గడి పెట్టుకోవాల్సిందే. మా రిజిస్టర్‌లో "ఎందుకు కాలేదు" అని పెట్టినం. దాంట్లో ఎక్కువసార్లు పడుతున్న మాటలు రెండు: "వాగు", "కూలి". ఆ గడి కూడా నింపకుండా వదిలేయొచ్చు, దానికీ ప్రశ్న గుర్తు ఉంది.

తెలుగులో లేదు, తెల్వదు అని రెండు మాటలు ఉన్నట్టే మన గోండిలో హిల్లె వేరు, పున్నోన్ వేరు. హిల్లె అంటే లేదు. పున్నోన్ అంటే నాకు తెల్వదు. ఇంట్‌కు హిల్లె ఒక్కటే వచ్చు, ఇంట్?కు పున్నోన్ కూడా వచ్చు అని చెప్తే మా ఇండ్లల్లో బడికి పోని అమ్మలకు కూడా ఒక్క నిమిషంలో అర్థమైంది. రెండు మార్కుల ప్రశ్నకు ఈ జవాబు రాస్తే మార్కులు పడతయో లేదో మాత్రం గ్యారంటీ ఇయ్యలేం.

ప్రోగ్రాం స్క్రీన్ మీద ఇప్పుడు తెలుగు, గోండి రెండు ఉన్నయి. కొలాం గూడేలకు పోతే కొలామీలో కూడా చూపించాలని ఉంది. "పరీక్ష కాలేదు", "నాకు తెల్వదు" ఈ రెండింటికీ మీ ఇంట్ల ఎట్లా అంటరో కొలాం తమ్ముళ్లు, చెల్లెళ్లు రాసి పంపండి. తెలుగు లిపిలో రాసినా సరిపోతది. ఇంట్ల పెద్దోళ్లను ఒకసారి అడిగి రాయండి. అవి వచ్చేదాకా ఆ రెండు గడులూ నల్‌గానే ఉంటయి.